ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: ఒకటో తరగతి గదిని నడిపే తీరు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, చికిటి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల ఒడియా మాధ్యమం బడుల్లో ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆరేళ్ల పిల్లకి లెక్క తెలుసు, కథ తెలుసు, కొట్టుకెళ్లి సరుకు తెచ్చి మిగిలిన చిల్లర ఇవ్వడం తెలుసు. బడిలో మాత్రం గురుమా (టీచరమ్మ) ఏమడిగిందో అర్థంకాక నోరు మెదపదు. నెల తిరక్కుండానే 'మొద్దు' అన్న పేరు పడిపోతుంది. ఒకసారి పడ్డ ఆ పేరు మూడో తరగతి దాకా వదలదు. అది పడకుండా చూడటానికి వేరే పీరియడ్ అక్కర్లేదు. హాజరు, పాఠం, భోజనం, కథ అన్నీ ఎలాగూ రోజూ జరిగేవే. వాటిలో ఏది ఏ భాషలో నడపాలో తేల్చుకుంటే చాలు.

రోజూ ఒకే వరసలో జరిగే పనులన్నీ ఒడియాలోనే, మాట మార్చకుండా జరపాలి. కొత్త సంగతిని విప్పి చెప్పడం తెలుగులో చేయాలి. ఒడియాలో ఒక వాక్యం అని, వెంటనే దాన్నే తెలుగులో చెప్పే అలవాటు మాత్రం వద్దు. చూడ్డానికి అది దయగానే ఉంటుంది. కానీ రెండు వారాల్లో పిల్లలు ఒడియా వాక్యం వచ్చినంతసేపూ కిటికీలోంచి చూస్తూ, తెలుగు రాగానే ఇటు తిరుగుతారు. తెలుగు ఎలాగూ వస్తుందని తెలిశాక ఒడియా వినాల్సిన అవసరం వాళ్లకి ఉండదు.

ఒడియాలో 'అ'కారం మన చెవికి 'ఒ'లా వినిపిస్తుంది కాబట్టి కింద ఒడియా మాటలను వినబడినట్టే రాశాం.

మొదటి వారం: ఎవరికి ఎంత అర్థమవుతోంది

పాఠం మొదలుపెట్టకముందే పిల్లల్ని నలుగురేసి చొప్పున పక్కకి పిలిచి, పది చిన్న ఆజ్ఞలు ఒడియాలో ఇవ్వండి. బొసొ (కూర్చో), ఉఠొ (లే), హాతొ టేకొ (చెయ్యెత్తు), బొహి ఖోలొ (పుస్తకం తెరు), పాణి ఆణొ (నీళ్లు తే), కొబాటొ బొందొ కొరొ (తలుపు వెయ్యి), నాకొ దేఖాఅ (ముక్కు చూపించు), ఇలాంటివి. తరగతి మొత్తానికి ఒకేసారి చెబితే ఒకరిని చూసి ఒకరు చేసేస్తారు, మీకేమీ తెలియదు. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పండి. తలుపు వెయ్యమంటూ మనకు తెలియకుండానే తలుపు వైపు చూస్తాం. పిల్లలు మాటను వదిలేసి ఆ చూపును పట్టుకుంటారు.

ఎనిమిది, అంతకంటే ఎక్కువ చేసినవాళ్లకి బడి మాట అందుతోంది. నాలుగు నుంచి ఏడు చేసినవాళ్లు పక్కవాడి సాయంతో నెట్టుకొస్తారు. మూడు, అంతకంటే తక్కువ చేసినవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి. మీ తెలుగు ముఖ్యంగా వాళ్లకే కావాలి. ముక్కు చూపించమంటే కొందరు చెయ్యి చాపుతారు, 'నాకు' ఏదో ఇవ్వబోతున్నారనుకుని. 'పొఢొ' అంటే చదవమని. తెలుగు చెవికి అది 'పడు' లాగే తగులుతుంది. వీటికి నవ్వొద్దు. తరగతిలో నవ్వనివ్వొద్దు కూడా.

ఆ కాగితంలోనే ఇంటిభాష కూడా రాయండి. గజపతి జిల్లాలో సవర, రాయగడ జిల్లాలో కుయి, కువి మాట్లాడే పిల్లలు అదే బల్లమీద ఉండొచ్చు. వాళ్లకి ఒడియా ఎంత కొత్తో తెలుగూ అంతే కొత్త. తెలుగు పిల్లల కోసం మీరు తెలుగులోకి దిగినప్పుడల్లా వాళ్లు రెండోసారి బయటివాళ్లవుతారు. అలాంటి గదిలో తెలుగు వివరణ తరగతి మొత్తానికి ఇవ్వకుండా, అవసరమైన పిల్లల దగ్గర కూర్చుని చెప్పండి. సవర తెలిసిన పై తరగతి పిల్లనో, వంట చేసే అమ్మనో ఆ పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చోబెట్టండి. మీకే తెలుగు రాకపోతే తెలుగు పిల్లలకీ ఇదే దారి.

తెలుగు పిల్లల్ని ఒక వరసగా వెనక్కి తోసేస్తే ఆ వరస వేరే బడి అయిపోతుంది. రెండు భాషలూ కొంచెం వచ్చిన పిల్ల ఒకతి, తెలుగొక్కటే వచ్చిన పిల్ల ఒకతి, ఇలా జత కట్టి పదిహేను రోజులకోసారి జతలు మార్చండి. మార్చకపోతే తెలిసిన పిల్ల పనంతా తనే చేసిపెడుతుంది.

హాజరు

పేరు పిలిచి 'ఉపొస్థితొ ఆగ్యాఁ' (హాజరండీ) అనిపించుకోవడంతో ఆగొద్దు. అరచెయ్యంత అట్టముక్క మీద ఒక్కొక్కరి పేరు ఒడియాలో పెద్దగా రాసి, వెనకవైపు తెలుగులో రాయండి. గోడకి రెండు పురికొసలు కట్టి, ఒకదానికి ఇల్లు బొమ్మ, ఇంకోదానికి బడి బొమ్మ అంటించండి. వచ్చిన పిల్ల తన అట్టను ఇంటి తాడు మీంచి తీసి బడి తాడుకి క్లిప్పు పెడుతుంది. మొదటి వారం అందరూ వెనక్కి తిప్పి, గీతలో రంగో చూసి పోల్చుకుంటారు. అందుకే అట్టలన్నీ ఒకే రంగులో, ఒకే కొలతలో ఉండాలి. రంగులు వేరైతే అక్షరం చూడరు.

తర్వాత నల్లబల్ల మీద రోజుకో వాక్యం: 'ఆజి సోమొబారొ.' వారాల పేర్లు మన పిల్లలకి దాదాపు ఉచితంగా వచ్చేస్తాయి. మంగళ, బుధ, శుక్ర, శని అన్నీ దగ్గరి మాటలే. తడబడేది రెండుచోట్ల. ఆదివారం రొబిబారొ అవుతుంది. ఈ ప్రాంతపు ఇళ్లలో లక్ష్మివారం (గురువారం) అనేది బడిలో గురుబారొ అవుతుంది. ఆ రెండింటినే రెట్టించి చెప్పండి, మిగతావాటి మీద సమయం పోనివ్వకండి.

ప్రవేశపు రిజిస్టరు సంగతి ఇక్కడే చూసుకోవాలి. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, ఒడియా పేర్లలో చివరొస్తుంది. రాసేవారు తమ అలవాటు ప్రకారం తిప్పేస్తే పిల్ల పేరు ఇంటిపేరై కూర్చుంటుంది. ఒడియాలో 'వ' పలుకు 'బ'గా మారుతుంది కాబట్టి వెంకట 'బెంకటొ' అవుతాడు, 'భెంకటొ' కూడా అవుతాడు. పుట్టిన సర్టిఫికెట్‌నీ ఆధార్‌నీ పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసి, తల్లికో తండ్రికో పైకి చదివి వినిపించండి. టీసీలోకి ఎక్కేది ఈ రిజిస్టరులోని పేరే. ఐదో తరగతి దాటాక దిద్దించుకోవాలంటే వాళ్లు ఎన్ని గడపలెక్కాలో ఆలోచించండి.

పలుకూ రాతా

ఒడియా మాటలు తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి: ఘొరొ (ఇల్లు), ఫులొ (పువ్వు), గొఛొ (చెట్టు). అందుకని మన పిల్లల నోరు వీటికి తొందరగా తిరుగుతుంది. చిక్కు ఒత్తక్షరాలతో. ఇంట్లో మనం ఖ, ఘ, ధ, భలను ఒత్తి పలకం. ఒడియాలో ఆ ఒత్తు మీదే అర్థం ఉంటుంది. దానొ అంటే దానం, ధానొ అంటే వడ్లు.

రెండు వేళ్ల వెడల్పున పలచని కాగితం ముక్క కోసి, పిల్ల పెదవులకి బెత్తెడు దూరంలో వేలాడదీయండి. 'పా' అంటే కాగితం కొంచెమే కదలాలి. 'ఫా' అంటే ఎగరాలి. పెదవుల పలుకులైన ప, ఫలతోనే మొదలుపెట్టండి. గాలి ముందునుంచే వస్తుంది కాబట్టి తేడా కంటికి కనబడుతుంది. క, ఖలు గొంతు దగ్గర పుడతాయి, కాగితం అంతగా కదలదు. అవి రెండో వారానికి. ఫ్యాను ఆపడం మరవకండి. గట్టిగా అరిస్తే ఏ అక్షరానికైనా కాగితం ఎగురుతుంది, కాబట్టి మామూలు గొంతుతోనే అనిపించండి. రోజుకి ఐదు నిమిషాలు చాలు. పలుకు కుదరలేదని అక్షరం నేర్పడం ఆపొద్దు, కంటికి తేడా ముందొచ్చి నాలుకకి తర్వాత వచ్చినా ఫర్వాలేదు.

రాతలో ఒక్కటి జాగ్రత్త. ఒడియాలో ఏత్వం గుర్తు హల్లుకి ఎడమవైపున పడుతుంది. పలికేది హల్లు ముందు, రాసేది గుర్తు ముందు. పలుకు వరసలోనే రాసే పిల్ల ముందు హల్లు రాసేసి, గుర్తుకి చోటు లేక పక్క అక్షరం మీద ఇరికిస్తుంది. పలక మీద రెండు గళ్లు గీసి, ఎడమ గడిలో గుర్తు, కుడి గడిలో హల్లు రాయించండి. పది రోజుల్లో గళ్లు అక్కర్లేకుండా పోతాయి.

లెక్క: అసలైన తిరకాసు ఇక్కడుంది

తెలుగులో ఇరవై మూడు అంటే ఇరవై ముందు, మూడు తర్వాత. రాసే వరసా అదే. ఒడియాలో ఆ సంఖ్య పేరు తేఇశి. మూడు ముందు వినిపిస్తుంది. విన్న వరసలో ముందు 3 వేసి పక్కన 2 వేస్తే 32 అయి కూర్చుంటుంది. దీన్ని లెక్క రాకపోవడంగా ఎంచి మార్కు కొట్టేస్తుంటారు, అది చాలా అన్యాయం. ఇరవై తొమ్మిది ఇంకా కష్టం. ఒణొతిరిశొ అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. పేరులో ముప్ఫై వినబడుతుంది కాబట్టి 39 రాస్తారు.

అందుకే పదులూ ఒకట్లూ ముందు తెలుగులో స్థిరపడాలి. కొబ్బరి ఈనెలు వేలెడు పొడవున వంద ముక్కలు కోయండి, చివరలు గుచ్చుకోకుండా గరుకు నేల మీద రుద్దండి. పది రబ్బరు బ్యాండ్లు తెండి. చింతపిక్కలు అందరి దగ్గరా దొరుకుతాయి గానీ ఒకటో తరగతి పిల్లలు ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. విడి లెక్కకి సీసా మూతలు మేలు.

పిల్లలే పదేసి పుల్లలు లెక్కపెట్టి కట్ట కట్టాలి. మీరు ముందే కట్టి ఇస్తే కట్టలో పది ఉన్నాయన్న నమ్మకం వాళ్లకి కుదరదు, విప్పి మళ్లీ లెక్కపెడుతుంటారు. పదకొండు, పన్నెండు తెలుగులోనూ వంకర పేర్లే కాబట్టి ఇరవై ఒకటి నుంచి మొదలుపెట్టండి. రెండు కట్టలు, మూడు పుల్లలు పెట్టి 'రెండు పదులు, మూడు' అని పైకి అనిపించి, ఆపైన 'ఇరవై మూడు' అనిపించి, రాయించండి. రెండు వారాలపాటు తెలుగే. పుల్లలు చూసి తడుముకోకుండా రాస్తున్నారనిపించాక, అవే పుల్లలు చూపించి 'తేఇశి' అనండి. రోజుకి ఐదు పేర్లకి మించొద్దు. తొమ్మిదితో ముగిసే సంఖ్యల్ని అన్నింటికన్నా చివర ఉంచండి. నిండా మూడు కట్టలు పెట్టి, ఒక కట్టలోంచి ఒక పుల్ల తీసేస్తే ఒణొతిరిశొ ఎందుకలా అంటారో వాళ్లే చెబుతారు.

ఒడియా అంకెలూ ఇంగ్లీషు అంకెలూ ఒకే పూట చూపొద్దు. ఒడియా రెండు ఇంగ్లీషు 9లా, ఒడియా నాలుగు ఇంగ్లీషు 8లా కనిపిస్తాయి. పాఠ్యపుస్తకం ఒడియా అంకెలతో ఉంటుంది కాబట్టి అవే ముందు. ఇంగ్లీషువి నేర్పేటప్పుడు వేరే రంగు సుద్ద వాడండి, రెండు రకాలూ కలిపి ఒకే వరసలో రాయకండి.

మధ్యాహ్న భోజనం

ప్రాథమిక తరగతుల పిల్లకి పూటకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అన్నది కొలత. కొలత సరిపోయినా మాట రాని పిల్ల మారు వడ్డన అడగదు, సగం ఆకలితో లేస్తుంది. 'ఆఉ టికే దిఅ' (ఇంకొంచెం పెట్టండి), 'థాఉ' (చాలు) అన్న రెండూ మొదటి రోజే నేర్పండి. వరసలో నిలబడ్డప్పుడు అందరిచేతా అనిపిస్తే సిగ్గు పోతుంది.

కానీ కడుపునొప్పి, దాహం, ఒంటికి, రెంటికి, భయం, దెబ్బ తగిలింది, వీటిని పిల్ల ఏ భాషలో చెప్పినా చెల్లాలి. ఒడియాలో అడిగితేనే బయటికి పంపుతానని ఎవరూ అనకూడదు. బడిలోని పెద్దలందరికీ, వంట చేసేవాళ్లకి కూడా, ఈ తెలుగు మాటలు రాసి ఇవ్వండి. తెలుగు మాట్లాడిందని నిలబెట్టడం, జరిమానా వెయ్యడం కొన్నిచోట్ల ఇంకా ఉంది. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసును హింసించడాన్నీ నిషేధిస్తోంది. 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలంటోంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకి వీలు కల్పించాలనే 350ఎ అధికరణం రాజ్యాంగంలో 1956 నుంచి ఉంది. ఎవరైనా ప్రశ్నిస్తే ఇవి చెప్పండి.

మధ్యాహ్నం కథ

వారానికి ఒక్క కథ చాలు. సోమవారం తెలుగులో నిండుగా చెప్పండి, అదీ ఇంట్లో అమ్మమ్మ చెప్పే తెలుగులో. మంగళవారం అదే కథ బొమ్మలు చూపిస్తూ ఒడియాలో, ఒక్క తెలుగు ముక్క లేకుండా. కథ ముందే తెలుసు కాబట్టి పిల్లలు మాటల్ని అందుకోగలుగుతారు. బుధవారం ఒడియాలో చెబుతూ వాక్యం చివర ఆగండి, వాళ్లు పూరిస్తారు. తర్వాత రెండు రోజులూ ఆడించండి. శనివారం కొత్త కథ పెట్టుకోవద్దు. ఒడియా పిల్లలకి సోమవారం కష్టంగా ఉంటుంది. ఒక్కరోజు వాళ్లూ వినడం నేర్చుకుంటే పక్కపిల్ల పడే బాధ తెలుస్తుంది.

ఇంటివాళ్లతో

'ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడించండి' అని తల్లిదండ్రులకి చెప్పొద్దు. వచ్చీరాని ఒడియాలో మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లో కబుర్లే తగ్గిపోతాయి, కథలు ఆగిపోతాయి. 'బడిలో విన్న కథ తెలుగులో చెప్పించుకోండి' అంటే చాలు.

సంక్రాంతికి బడి సెలవు చిన్నది, మన ఇళ్లలో పండగ భోగి నుంచి కనుమ దాకా. ఇచ్ఛాపురం వైపో, టెక్కలి వైపో అమ్మమ్మగారింటికి వెళ్లిన పిల్లలు వారం దాకా రారు. ఆ వారం కొత్త అక్షరం, కొత్త సంఖ్య మొదలుపెట్టకండి, ఉన్నవాళ్లతో పాతవి తిరగేయించండి. ఆంధ్రలో కొన్నాళ్లు చదివి ఏడాది మధ్యలో ఇటు వచ్చిన పిల్లలకి తెలుగు అక్షరాలు వచ్చి ఉంటాయి. వాళ్ల పలక మీద ఒడియా అక్షరం పక్కన తెలుగు అక్షరం నెలరోజుల పాటు ఉండనివ్వండి, ఆ తర్వాత వాళ్లే రాయడం మానేస్తారు.