నూలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: నంబరు, డెనియర్, పురి

పత్తి పీచు పొట్టిది కాబట్టి పురిపెట్టి వడకాలని, పట్టుకాయ నుంచి మాత్రం పోగు తెగకుండా వందల మీటర్లు వస్తుందని పోయిన పాఠంలో చూశాం. ఈసారి లావు, సన్నం లెక్క. ఒడిశా బరంపురంలో ఫోడా అంచు (గుడి గోపురాల వరసలా కనిపించే అంచు) పట్టు నేసేవాళ్లను అడగండి, డెనియర్ చెబుతారు. నూలు నేసే ఇంట్లో అడిగితే నంబరు చెబుతారు. ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో నడుస్తాయి.

ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో నంబరు. 40వ నంబరైతే 33,600 గజాలు, అంటే 30 కిలోమీటర్ల పైమాటే. బరువు అంతే ఉండి పొడవు పెరుగుతోంది కదా, అందుకే నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. డెనియర్‌కి పొడవు కదలదు: 9,000 మీటర్లు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే పోగు లావు. 5,315ని నంబరుతో భాగిస్తే డెనియర్ వస్తుంది. 60వ నంబరు సుమారు 89 డెనియర్లు. టెక్స్ అని మూడో లెక్కా ఉంది, 1,000 మీటర్ల బరువు గ్రాముల్లో. మగ్గం దగ్గర దానితో పెద్దగా పని పడదు.

చీటీ మీద 2/80 అని ఉంటే? నేను మొదట్లో 80 ఒక్కటే చూసి తెచ్చేసి, పేక (అడ్డంగా నేసే నూలు) లావైపోయి తల పట్టుకున్నాను. అది రెండు 80 పోగులు కలిపి పురిపెట్టిన నూలు, లావు 40కి సమానం. పచ్చి పట్టు మీద 20/22 ఉంటే మాత్రం అర్థం వేరు: పోగు 20, 22 డెనియర్ల మధ్య ఉంటుందని. గీత ఒకటే, చదివే తీరు వేరు!

పురి చూడాలంటే దారాన్ని నిలువుగా పట్టుకోండి. గీతలు ఎడమ నుంచి కుడికి పైకెక్కితే జెడ్ పురి, కిందికి దిగితే ఎస్ పురి. ఒంటి పోగు ఎక్కువగా జెడ్, రెండు కలిపేటప్పుడు ఎస్ వేస్తారు. లేకపోతే దారం మెలికలు పడుతుంది.

ఇంటి పని: అరమీటరు పొడవున్న పలచని చెక్క పట్టీకి నిలువునా వంద చుట్లు చుట్టండి, వంద మీటర్లు అవుతుంది. కంసాలి కాటా మీద తూచి, 59ని ఆ గ్రాములతో భాగించండి. ఒకటిన్నర గ్రాము వస్తే 40 దగ్గర్లో ఉన్నట్టు. గంజి పట్టిన నూలైతే ముందు ఉతికి ఆరబెట్టండి, లేకపోతే గంజి బరువు కూడా నూలు లెక్కలోకే వచ్చేస్తుంది.