మోటార్‌హోమ్‌లో తిరుగుతూ స్నేహితులతో స్ట్రీట్ స్కీయింగ్ చిత్రీకరించడం ఎలా?

స్ట్రీట్ స్కీయింగ్ అంటే నగర వీధుల్లో మెట్లు, రెయిలింగ్‌ల మీదుగా స్కీలతో జారడం, దూకడం. దీనికి కొండ గానీ, కొండపైకి చేర్చే స్కీ లిఫ్టు గానీ అక్కరలేదు. మంచు కురిసిన నగరంలో ఒక మెట్లదారి, దాని పక్కన ఇనుప రెయిలింగ్, దిగడానికి కాస్త ఖాళీ చోటు ఉంటే సరిపోతుంది. కానీ చోటు బాగున్న ఊళ్లో మంచు ఉండదు, మంచు ఉన్న ఊళ్లో చోటు దొరకదు. హెల్సింకీ, క్యూబెక్ వంటి పేరుపడ్డ నగరాల్లో కూడా ఒక్క వెచ్చని వారం వస్తే పని ఆగిపోతుంది. అందుకే మంచు వెంట కదలగలిగే మోటార్‌హోమ్ (పడకలు, వంటగది ఉన్న బండి) ఈ పనికి హోటల్ గది కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది, దాన్ని చలికి తగ్గట్టు సిద్ధం చేసుకున్నప్పుడు మాత్రమే.

బండిని, జట్టును సిద్ధం చేసుకోవడం

నలుగురు సరిపోతారు. ఐదో మనిషి ఎక్కితే తడి బట్టలు ఆరేసుకునే చోటు పోతుంది. ఐరోపాలో సాధారణ కారు లైసెన్సుతో నడపగలిగే బరువు మామూలుగా 3,500 కిలోల వరకే. స్కీలు, పారలు, జనరేటరు, వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం), నీళ్లు, నలుగురు మనుషులు చేరేసరికి ఆ హద్దు అనుకున్నదానికంటే ముందే దాటిపోతుంది కాబట్టి, సామాను మొత్తం ఎక్కించాకే వేబ్రిడ్జి మీద కాటా వేయించాలి. టైర్ల నిబంధనలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఉదాహరణకు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో నమోదైన వాహనాలకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు తప్పనిసరి.

గ్యాస్ విషయంలో పొరపాటు పడకూడదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది. కాబట్టి ప్రొపేన్ సిలిండరే తీసుకోవాలి. వెచ్చని ప్రాంతంలో నింపిన డీజిల్ గడ్డకట్టే చలిలో మైనంలా చిక్కబడి ఫిల్టరును మూసేస్తుంది కాబట్టి, చలి ప్రాంతం చేరకముందే ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, అక్కడి శీతకాలపు డీజిల్ నింపుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జి చేస్తే పాడవుతాయి. వాటిని బండి లోపల, వెచ్చగా ఉండే చోటే అమర్చాలి.

లోపల పొడిగా ఉంచుకోవడం

నలుగురి ఊపిరి, వంట ఆవిరి, తడిసిన జాకెట్లు కలిసి రాత్రికి రాత్రే కిటికీల మీద నీరై, తెల్లారేసరికి మంచు పొరగా మారతాయి. చలిగా ఉందని అన్నీ బిగించేయకుండా, పైకప్పు వెంట్‌ను వేలెడంత తెరిచి ఉంచి హీటరు నడపాలి. వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్ వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నదీ లేనిదీ, హీటరు పొగగొట్టానికి మంచు అడ్డుపడలేదు కదా అనేదీ ప్రతి రాత్రి చూడాలి.

స్కీ బూట్లకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. లోపలి మెత్తని లైనరును బయటికి లాగి, హీటరు గాలి వచ్చే రంధ్రం దగ్గర నిలబెట్టి ఆరబెట్టాలి; పైనున్న ప్లాస్టిక్ షెల్‌ను కూడా లోపలే ఉంచాలి. రాత్రంతా డిక్కీలో గడ్డకట్టిన షెల్ ఉదయం ఎంత లాగినా విచ్చుకోదు, దానితో కుస్తీ పడుతూనే మంచి వెలుతురు గంట గడిచిపోతుంది. వంట, అంట్లు, నీళ్లు నింపడం, మురుగునీటి ట్యాంకు ఖాళీ చేయడం ఎవరి వంతో ముందే రాసి గోడకు అంటించండి. జట్టులో గొడవలు ఎక్కువగా అంట్ల గిన్నెల దగ్గరే మొదలవుతాయి.

చోటు ఎంచుకోవడం

ఉపగ్రహ చిత్రాలతోనూ వీధి దృశ్యాలతోనూ ముందే జాబితా తయారు చేసుకోవచ్చు. కానీ రెయిలు (ఇనుప రెయిలింగ్) ఎంత గట్టిదో, పైన వేగం అందుకోవడానికి ఎంత నేల ఉందో, దిగే చోట కంచె గానీ రోడ్డు గానీ ఉందో లేదో వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. రెయిలును రెండు చేతులతో ఊపి చూడండి, కదిలితే వదిలేయండి. చాలా మెట్లదారులు బడులవో ఆఫీసులవో అయి ఉంటాయి కాబట్టి, యజమానిని అడగడం మేలు. కాపలావాళ్లో పోలీసులో వచ్చి వెళ్లమంటే వాదించకుండా సర్దుకోవాలి. మీతో మర్యాదగా మాట్లాడినవాళ్లే మరుసటి వారం ఆ చోటికి అనుమతి ఇవ్వవచ్చు.

మంచు పోసి కట్టడం

ఈ పనిలో స్కీయింగ్ కంటే పార పట్టడమే ఎక్కువ. పక్క పార్కింగ్ నుంచి మంచు మోసుకొచ్చి టేక్-ఆఫ్ (స్కీయర్ పైకి లేచే మంచు దిబ్బ) కట్టాలి; దాని లోపల ప్లైవుడ్ ముక్క పెడితే మంచు కూడా తక్కువ పడుతుంది, ఆకారమూ నిలుస్తుంది. పొడి మంచుకు నీళ్లు చల్లితే గడ్డకడుతుంది, తడిసి మెత్తబడిన మంచు మీద ఉప్పు చల్లితే బిగుసుకుంటుంది. రెండూ ఒకేసారి చేయడం వృథా. దిగే చోట పల్చగా పోసి తొందరపడితే కాళ్లకు కాంక్రీటు తగులుతుంది. ఓపిక మిగిలి ఉంటే అది అక్కడే ఖర్చు పెట్టండి.

వేగం తెచ్చుకోవడం

పైన వాలు లేనప్పుడు సాగే బంజీ తాడు గానీ, పెట్రోలు ఇంజనుతో తాడును చుట్టే వించ్ గానీ వాడతారు. స్కీయర్ హ్యాండిల్ పట్టుకుని, టేక్-ఆఫ్‌కు ముందే వదిలేయాలి. మొదటిసారి దూకకుండా, పక్కనుంచి జారుతూ వేగం సరిపోతుందో లేదో చూసుకోవాలి. సాగిన బంజీ గీతలో ఎవరూ నిలబడకూడదు, ఎందుకంటే హుక్కు ఊడితే అది ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. వించ్ నడిపే మనిషికి స్కీయర్ కనిపించకపోతే వాకీటాకీ తప్పనిసరి. హెల్మెట్ తప్పనిసరి, దాని గురించి చర్చ అనవసరం. ప్రయాణ బీమా కొన్నప్పుడు స్కీ రిసార్టు బయట జరిగే ప్రమాదానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీలు దాన్ని మినహాయిస్తాయి.

షాట్ తీయడం

ఒకరు చాలా వెడల్పుగా చూపే ఫిష్‌ఐ లెన్సుతో రెయిలుకు దగ్గరగా, మరొకరు పొడవాటి లెన్సుతో దూరంగా ఉంటే, ఒకే టేకులో ట్రిక్కూ దొరుకుతుంది, ఆ వీధి రూపమూ దొరుకుతుంది. తెల్లని మంచును కెమెరా బూడిదరంగుగా చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరును (కెమెరా తీసుకునే వెలుతురును) ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది. రాత్రిపూట వీధి దీపాల మినుకు కూడా ఇబ్బందే: 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న దేశాల్లో షట్టరు వేగాన్ని సెకనులో 1/50 లేదా 1/100 వంతు వద్ద, 60 హెర్ట్జ్ దేశాల్లో 1/60 లేదా 1/120 వద్ద పెట్టాలి. స్లో మోషన్‌కు సెకనుకు 120 ఫ్రేములు కావాలంటే, సొంత బ్యాటరీ ఎల్‌ఈడీ దీపాలు తీసుకెళ్లడమే సుఖం. కెమెరా బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో ఉంచండి. బండి ఎక్కేముందు చల్లబడ్డ కెమెరాను గాలి చొరని సంచిలో మూసి, లోపలి వెచ్చదనానికి అలవాటుపడ్డాకే తీయండి, లేకపోతే లెన్సు లోపల తేమ చేరుతుంది.

ఎన్నో పడిపోవడాల తర్వాత ఒక టేకు కుదురుతుంది. అలసిన స్కీయర్‌ను ఇంకొక్కసారి అని తొందరపెట్టకూడదు; దెబ్బలు ఎక్కువగా తగిలేది అప్పుడే.

సర్దుకోవడం

ట్రిక్కు దొరికిన ఉత్సాహంలో పారలు వదిలేసి వెళ్లిపోవాలనిపిస్తుంది. కానీ మెట్ల మీద నొక్కుకుపోయిన మంచు రాత్రికి గాజులా మారుతుంది, ఉదయం అటు వచ్చే పాదచారులు జారిపడతారు. అత్యవసర ద్వారం ముందు మంచు కుప్ప వదలడం మరీ ప్రమాదం. మెట్లు బయటపడేదాకా తవ్వి, ప్లైవుడ్, ఉప్పు సంచులు ఏరుకుని వెళ్లండి. ఆ రాత్రే కెమెరా మెమరీ కార్డులను రెండు డ్రైవుల్లోకి కాపీ చేసి, ఒకటి బండిలో, ఒకటి మీ వెంట తిరిగే సంచిలో ఉంచండి. తర్వాత వాతావరణ సూచన చూసి, కరుగుదల వస్తుందంటే మరుసటి ఉదయం కోసం ఆగకుండా, చీకట్లో మంచు మీద బండి నడపగలిగినవాళ్లు తగినంత నిద్రపోయి ఉంటే, ఉత్తరానికి బయలుదేరండి.