లేటెక్స్ పరుపు చేయిస్తున్నారా? పొరలు ఎలా ఎంచుకోవాలి?

మా నాయనకు నడుము నొప్పి అని మూడేళ్ల కిందట లేటెక్స్ పరుపు చేయించాం. ఎనిమిది అంగుళాల మందం, మూడు పొరలు. అంగట్లో అరచేత్తో నొక్కి చూసి, మెత్తగా బాగుందనుకుని డబ్బు కట్టేశాం. నాలుగో రోజు పొద్దున ఆయన లేచి, "ఏందిరా ఇది, ఇడ్లీ మింద పండుకున్నట్టుంది. నడుం లోపలికి పోతా ఉంది" అంటూ కింద చాప పరుచుకున్నారు. పై పొర ఒక్కటి మారుద్దామని కవర్ విప్పితే, మూడు పొరలూ సొల్యూషన్ పూసి అతికించేసి ఉన్నాయి. ఊడబెరికితే లేటెక్సే చిరుగుతోంది. ఆ పరుపు ఇప్పుడు చుట్టాల గదిలో ఉంది. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాలకేం కొదవ!

రెండోసారి తొందరపడలేదు. ఏ వరసలో చూసుకుంటూ వచ్చామో చెబుతాను.

ముందు మంచం

టేపు పట్టి మంచం లోపలి కొలత రెండు చివర్లా, మధ్యలో కూడా తీసుకోండి. వడ్రంగి 72 బై 78 అని చెప్పినా అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. తర్వాత నేల నుంచి పలక దాకా ఎత్తు చూడండి. పలక 16 అంగుళాల ఎత్తులో ఉంటే 8 అంగుళాల పరుపుతో అది 24 అవుతుంది. మా అమ్మలాంటి పొట్టి మనిషి అంచున కూర్చుంటే కాళ్లు వేలాడతాయి. పెద్దవాళ్లకు పాదాలు నేలకు ఆనాలి, లేకపోతే రాత్రి లేచినప్పుడల్లా తంటా. అందుకే ఈసారి 6 అంగుళాలకు దిగాం.

స్టోరేజ్ మంచమైతే పలకకు ఎక్కడా సందు ఉండదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో పరుపు అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది. ప్లైవుడ్‌కు అడుగుకొకటి చొప్పున బెజ్జాలు వేయించండి. చెక్క పట్టీల మంచమైతే పట్టీకీ పట్టీకీ మధ్య మూడు అంగుళాలకు మించి సందు ఉండకూడదు.

పొరల సంగతి

రబ్బరు పాలను నురగ చేసి, అచ్చులో పోసి, ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడేదే లేటెక్స్. కాబట్టి నాయన ఇడ్లీ అనడంలో పెద్ద తప్పేమీ లేదు. ఇది డన్‌లప్ పద్ధతి. టలలే అని ఇంకోటి ఉంది. అందులో అచ్చును సగమే నింపి, గాలి పీల్చి నురగను ఉబ్బించి, గడ్డకట్టించాక ఉడికిస్తారు. తేలిగ్గా, ఎగదన్నినట్టు ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. అడుగు పొరకు దాని అవసరం లేదు, డన్‌లప్ చాలు.

గట్టిదనాన్ని మన దగ్గర సాంద్రతతో చెబుతారు, అంటే ఒక ఘనపు మీటరు లేటెక్స్ ఎన్ని కిలోలు తూగుతుందని. డన్‌లప్‌లో సుమారుగా 65–70 అయితే మెత్తన, 75–80 మధ్యరకం, 85 దాటితే గట్టి. కొందరు ఐఎల్‌డీ అనే నెంబరు చెబుతారు, పొరను నొక్కడానికి ఎంత బలం కావాలో చెప్పే లెక్క అది. నెంబరు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. "ఆర్థో" అన్న మాటకు మాత్రం ఏ కొలతా లేదు. ఆ స్టిక్కర్ చూసి టెన్షన్ పడొద్దు, మురిసిపోనూ వద్దు. పొరల వారీగా మందం, సాంద్రత ఎంతో బిల్లు మీద రాయించుకోండి.

గట్టి పొర అడుగున ఉండి బరువు మోయాలి. మెత్తనిది పైన ఉండి భుజానికి, తుంటికి చోటివ్వాలి. మేము మొదటిసారి దెబ్బతిన్నది ఇక్కడే. మా అడుగు పొర కూడా మెత్తనే.

ఎవరికి ఏది?

పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు పైన రెండు అంగుళాలు మెత్తనిది కావాలి, లేకపోతే పొద్దునకు భుజం తిమ్మిరెక్కుతుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకు పైన మధ్యరకం సరిపోతుంది. బోర్లా పడుకునేవాళ్లకు మెత్తన పనికిరాదు. పొట్ట కిందికి జారి నడుము విల్లులా వంగుతుంది.

దీనికి ఒంటి బరువు కూడా కలపాలి. అదే పరుపు యాభై కిలోల మనిషికి బల్లలాగా, తొంభై కిలోల మనిషికి ఊయలలాగా అనిపిస్తుంది. బరువైనవాళ్లు పై పొరను దాటి కింది పొర దాకా దిగుతారు. కాబట్టి వాళ్లకు అడుగు పొర మందంగా, గట్టిగా ఉండాలి.

భార్యాభర్తల బరువుల్లో పెద్ద తేడా ఉంటే పై పొరను రెండు సగాలుగా చేయించుకోవచ్చు. మేము చేసింది అదే. అడుగున నాలుగు అంగుళాలు, 90 సాంద్రత, 72 అంగుళాల వెడల్పుతో ఒకే ముక్క. పైన రెండు అంగుళాల మందంతో 36 అంగుళాల ముక్కలు రెండు. నాయన వైపు 80, అమ్మ వైపు 65. అన్నీ ఒకే జిప్ కవర్‌లో ఉండటంతో మధ్య గీత పెద్దగా తెలియదు.

అంగట్లో చూడాల్సినవి

చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. చెప్పులు విడిచి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పావుగంట పడుకోండి. మొహమాటం వద్దు, దీనికి పెట్టే డబ్బు తక్కువేం కాదు. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చండి. చెయ్యి అటూ ఇటూ సులువుగా ఆడితే ఆ పరుపు మీకు గట్టి. అసలు దూరకపోతే మెత్తన. పక్కకు తిరిగినప్పుడు వెంట వచ్చినవాళ్లను వెనక నుంచి ఫోన్‌లో ఫోటో తీయమనండి. మెడ నుంచి నడుము దాకా వెన్ను నేలకు సమాంతరంగా, తిన్నగా కనిపించాలి.

అతికించవద్దని ముందే చెప్పండి. లేటెక్స్ దాని బరువుకే కదలకుండా ఉంటుంది, కవర్ బిగువుగా ఉంటే పొరలు జారవు. విడి పొరలకు ఇంకో లాభం, మన అపార్ట్‌మెంట్ల ఇరుకు మెట్ల మీద ఒక్కొక్కటిగా చుట్టి మోసుకుపోవచ్చు. కవర్ పై గుడ్డ సాగేదై ఉండాలి. దళసరి క్విల్టింగ్ వేస్తే కింద మెత్తని లేటెక్స్ ఉన్నా దాని గుణం పైకి తెలియదు.

వంద శాతం నేచురల్ అన్నా అందులో గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటివి కొద్దిగా ఉంటాయి. అవి లేకుండా నురగ గట్టిపడదు. అడగాల్సింది సింథటిక్ రబ్బరు కలిపారా అని. ఇంట్లో ఎవరికైనా రబ్బరు అలర్జీ ఉంటే ముందు డాక్టరును అడగండి.

ఇంటికి వచ్చాక తూకం

ఇది మా మామ చెప్పిన కిటుకు. 72 బై 78 పరుపులో ఒక్క అంగుళం మందం సుమారు 0.092 ఘనపు మీటరు. దాన్ని సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. 90 సాంద్రత అన్న మా నాలుగు అంగుళాల పొర 33 కిలోలు ఉండాలి. పక్క వీధి బియ్యం కొట్టులో కాటా మీద పెడితే 32 చూపించింది. ఆ మాత్రం తేడా పరవాలేదు. 25 చూపించి ఉంటే అదే ఆటోలో వెనక్కి పంపేవాళ్లం.

మొదట్లో రబ్బరు వాసన వస్తుంది. కిటికీలు తెరిచి ఫ్యాన్ వేస్తే కొన్ని రోజుల్లో తగ్గుతుంది. ఒళ్లు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు ఇవ్వండి. అప్పటికీ కుదరకపోతే ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ముందు పై పొరను తిరగేసి చూడండి. డన్‌లప్ పొరకు రెండు వైపులా గట్టిదనంలో కాస్త తేడా ఉండొచ్చు, ఉడికేలోపు బరువైన రేణువులు అడుగుకు దిగుతాయి కాబట్టి. అదీ చాలకపోతే ఆ ఒక్క పొర మారిస్తే సరి, పరుపంతా మార్చక్కర్లేదు.

ఇక ఎండ. బూరుగు దూది పరుపులు ఎండేసిన అలవాటు కొద్దీ మా అమ్మ మే నెలలో పై పొర ఒకటి చుట్టి భుజాన వేసుకుని మిద్దె మీదికి బయల్దేరింది. సగం మెట్ల దగ్గర ఆపాను. ఎండ తగిలితే లేటెక్స్ పసుపు తిరిగి, పెళుసెక్కి, పొడిగా రాలుతుంది. "మరి తేమ ఎట్లా పోతాది?" అంది. కవర్ జిప్ తీసి, పొరలు గోడకు చేరేసి, ఓ పూట ఫ్యాన్ కింద ఉంచాం.