తలపండిన కెప్టెన్ పక్కన కూర్చుంటే ఏమి గమనించాలి

కో-పైలట్లుగా కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ల్యాండింగ్ గురించే. గాలి అడ్డంగా కొడుతుంటే రడ్డర్ ఎప్పుడు నొక్కాలి, ముక్కు ఎంత ఎత్తాలి, ఇలాంటివి. అవన్నీ సిమ్యులేటర్ నేర్పుతుంది. వేల గంటలు ఎగిరిన కెప్టెన్ పక్కన కుడి సీటు దొరికినప్పుడు కళ్లు పెట్టవలసిన చోటు వేరు. తన మీద తనకున్న అనుమానాన్ని ఆయన ఏయే పనులుగా మార్చుకున్నాడో చూడండి. నా లెక్కలో వినయం అంటే అదే. మెత్తగా మాట్లాడటం, అందరినీ పేరుపేరునా పలకరించడం మంచి అలవాట్లే. కానీ రన్‌వే మీద మబ్బు కమ్మినప్పుడు అవి అక్కరకు రావు.

ముందు బ్రీఫింగ్, అంటే ఎగిరే ముందూ దిగే ముందూ ఏమి చేయబోతున్నామో చెప్పుకునే మాటలు, శ్రద్ధగా వినండి. "నేను పొరపాటు చేస్తే చెప్పు" అని అందరు కెప్టెన్లూ అంటారు. ఆ మాటకే మురిసిపోకండి, దానికి ఖర్చేమీ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏమని చెప్పాలో కూడా చెప్పేవాడి దగ్గరే నేర్చుకోవడానికి ఏదైనా ఉంటుంది. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక కెప్టెన్ దిగే ముందు నాతో ఇలా అన్నాడు: "ఈ రన్‌వేకి నేను కాస్త ఎత్తులో, కాస్త వేగంగా వస్తుంటాను. వెయ్యి అడుగుల దగ్గర వేగమూ, కిందికి దిగే రేటూ కుదురుగా లేకపోతే నువ్వు గో-అరౌండ్ అను. నేను వాదించను, దిగడం మానేసి విమానాన్ని మళ్లీ పైకి లేపేస్తాను. ఏమైనా ఉంటే కిందికి వెళ్లాక మాట్లాడుకుందాం."

ఆ నాలుగు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. తన బలహీనత ఫలానా అని పైకి చెప్పాడు. నాకొక అంకె ఇచ్చాడు. ఆ అంకె దగ్గర నిర్ణయం తనకంటే చిన్నవాడి చేతిలో పెట్టాడు, పైగా అప్పుడు తాను ఏమి చేస్తాడో ముందే మాట ఇచ్చేశాడు. అలా మాట ఇచ్చాక అక్కడికక్కడ పంతానికి పోవడం కష్టం. మీరు కెప్టెన్ అయ్యేదాకా ఆగనక్కరలేదు. విమానం నడిపే వంతు మీకు వచ్చినప్పుడు ఇదే పద్ధతిలో బ్రీఫింగ్ ఇచ్చి చూడండి. మొదట్లో నోరు పెగలదు, ఎందుకంటే మీ బలహీనత ఏమిటో మీకింకా తెలియదు. అది వెతుక్కోవడం దగ్గరే అసలు చదువు మొదలవుతుంది.

చెక్‌లిస్ట్ చదివేటప్పుడు కెప్టెన్ నోటిని వదిలేసి వేళ్లను చూడండి. 1935 అక్టోబరులో బోయింగ్ మోడల్ 299 విమానం అమెరికా సైనిక విమానాశ్రయం రైట్ ఫీల్డ్‌లో లేచీ లేవగానే కూలిపోయింది. నడిపినవాడు అనుభవం గల సైనిక టెస్ట్ పైలట్. గస్ట్ లాక్, అంటే నిలిపి ఉంచినప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా పట్టి ఉంచే తాళం, తీయడం మరిచారు. ఆ తరువాతే చెక్‌లిస్ట్ వాడకం పద్ధతిగా స్థిరపడింది. ఇప్పుడు చిక్కు ఇంకొకటి. ఏళ్ల తరబడి చదివిన పట్టిక కాబట్టి జవాబులు నాలుక చివరే ఉంటాయి. జాగ్రత్తగల కెప్టెన్ "ఫ్లాప్స్" (రెక్కల వెనక అంచున దించే పలకలు) అనగానే బదులు పలకడు. లివర్ మీద చెయ్యి వేస్తాడు, సూచిక వైపు తల తిప్పుతాడు, అప్పుడు అంకె చెబుతాడు. మధ్యలో గ్రౌండ్ సిబ్బంది పిలిచి ఎక్కడ ఆపామో తెలియకపోతే మళ్లీ మొదటి నుంచి చదవమంటాడు. మీకు విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

ఇక మీ వంతు. నిండు కుండ తొణకదంటారు గానీ, కాక్‌పిట్‌లో అవసరమైతే తొణకాలి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనరీఫ్ దీవిలో రెండు బోయింగ్ 747 విమానాలు పొగమంచులో రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన డచ్ విమాన సంస్థ కె.ఎల్.ఎం. కెప్టెన్ ఆ సంస్థలో 747 పైలట్ల శిక్షణకు పెద్ద. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో అని ఫ్లైట్ ఇంజినీర్ సందేహపడి అడిగాడు కూడా. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి మరి ఎవరూ రెట్టించలేదు. అందుకే మీ అనుమానాన్ని మర్యాద కోసం ప్రశ్నగా మార్చకండి. "సర్, వేగం పది నాట్లు తక్కువ" అనండి. రెండుసార్లు చెప్పినా ఉలుకూ పలుకూ లేకపోతే కంట్రోల్ తీసుకోమనే నిబంధన చాలా సంస్థల్లో ఉంది.

మీరు చెప్పిన మరుక్షణం ఆయన ఏమి చేస్తాడో చూడండి. మంచి కెప్టెన్ "కరెక్టింగ్" అని సరిదిద్దుకుంటాడు, సంజాయిషీ ఇవ్వడు. సంజాయిషీ మొదలుపెట్టేవాడి పక్కన తరువాతిసారి మీరే తటపటాయిస్తారు. "నాకేమి తెలుసు బాబూ, అంతా మీ కుర్రవాళ్లదే" అని నవ్విస్తూ, హెచ్చరిస్తే మాత్రం ముఖం చిట్లించేవాళ్లు కూడా తగులుతారు. వాళ్ల దగ్గర ల్యాండింగ్ నేర్చుకోండి, చాలు.

1989లో అమెరికాలోని సూ సిటీ దగ్గర, విమానాన్ని తిప్పే పలకలను కదిపే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయిన డీసీ-10 విమానాన్ని నేలకు చేర్చిన కెప్టెన్ ఆల్ హేన్స్ తరువాతి ప్రసంగాల్లో ఒక లెక్క చెప్పేవాడు. ఆ కాక్‌పిట్‌లో అందరి అనుభవం కలిపితే 103 ఏళ్లు, అందులో ఒక్క నిమిషం కూడా అలాంటి విమానాన్ని నడిపిన అనుభవం కాదు. ప్రయాణికుడిగా వచ్చిన శిక్షణ పైలట్ డెన్నీ ఫిచ్ సాయానికి వస్తానంటే వెంటనే పిలిచి, ఇంజిన్ల థ్రాటిల్స్ ఆయన చేతికే అప్పగించాడు. విమానంలో ఉన్న 296 మందిలో 184 మంది బతికారు.

రోజు పని ముగిశాక "నేను ఎలా చేశాను?" అని కెప్టెన్‌ను అడగకండి, బాగానే చేశావంటాడు. "ఈ రోజు మీకు అనుమానం వచ్చిన చోటు ఏది?" అని అడగండి. పార్కింగ్ చెక్‌లిస్ట్ పూర్తయి, కాగితాలన్నీ సంతకాలయ్యాక, హోటల్ బస్సులో అడిగితే మంచిది. చెప్పింది విమానాశ్రయం పేరుతో సహా పుస్తకంలో రాసుకోండి. మళ్లీ అక్కడికే డ్యూటీ పడినప్పుడు, బ్రీఫింగ్‌కు ముందు ఆ పేజీ తీసి చదవండి.