లారీ క్యాబ్ వెనక సామాను ఊగుతోందా, ఊడుతోందా? సమస్యలు - పరిష్కారాలు

అమెరికాలో ఫ్లాట్‌బెడ్ (పక్క గోడలూ కప్పూ లేని ట్రైలర్) లారీ నడిపేవాళ్లు లోడు కట్టేటప్పుడు ఒక్కో స్ట్రాప్‌నీ లెక్కపెట్టుకుంటారు. లోడు దించాక అంత పట్టింపు ఉండదు. మిగిలిన గొలుసుల్ని క్యాబ్ వెనక రాక్‌కు తగిలిస్తారు, టార్ప్‌కు (సరుకు కప్పే టార్పాలిన్‌కు) రెండు రబ్బరు బెల్టులు వేస్తారు, స్ట్రాప్‌లు బిగించే వించ్ బార్‌ను డెక్ మీద పడేసి బయల్దేరతారు. రోడ్డు మీద ఊడిపడేది ఆ సామానే.

నిబంధన అమెరికా కేంద్ర నిబంధనల సంపుటి 49 సీఎఫ్ఆర్‌లో, 392.9(ఏ)(2) దగ్గర ఉంది (కింద వచ్చే 393.102 లాంటి అంకెలూ అందులోవే). టెయిల్‌గేట్, తలుపులు, టార్పాలిన్లు, స్పేర్ టైరు, బండి పనికి వాడే ఇతర సామగ్రి, సరుకు కట్టే సాధనాలు అన్నీ బిగించి ఉంటే తప్ప డ్రైవర్ బండి నడపకూడదు, కంపెనీ నడపనివ్వకూడదు. ‘లోడు ఉన్నప్పుడు’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఖాళీ ట్రైలర్‌కూ, ట్రైలర్ లేకుండా తిరిగే ట్రాక్టర్‌కూ (ట్రైలర్‌ను లాగే ముందు బండికీ) ఇదే వర్తిస్తుంది. ‘ఖాళీగా వస్తున్నాను సార్’ అంటే ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపడు.

కింద చెప్పిన సమస్యల్లో ఎక్కువ వాటికి మూలం ఒకటే. బరువు మోసే ఏర్పాటు ఉంటుంది, బయటికి రానివ్వని ఏర్పాటు ఉండదు. కొక్కేనికి తగిలించిన గొలుసు కిందికి జారదు, నిజమే. గతుకులో పైకి ఎగిరితే దాన్ని ఆపేదేమిటి?

సమస్య: క్యాబ్ వెనక గొలుసుల మోత, రాక్ ఊగడం

ముందు బరువు లెక్క వేయండి. 3/8 అంగుళాల గ్రేడ్ 70 (గ్రేడ్ అంటే గొలుసు బలాన్ని చెప్పే అంకె) గొలుసు 20 అడుగులది, కొక్కేలతో కలిపి దాదాపు 30 పౌండ్లు. గొలుసును బిగించే రాట్చెట్ బైండర్ ఒక్కోటి దాదాపు 12 పౌండ్లు. పది గొలుసులు, పది బైండర్లు తగిలిస్తే 420 పౌండ్లు అయింది. సరుకు కట్టుకు 393.102 పెట్టిన కొలమానం ముందుకు 0.8 జీ, అంటే సామాను బరువులో 0.8 వంతు తోపు. సడన్ బ్రేకులో అంత వేగం తగ్గితే ఈ 420 పౌండ్లు క్యాబ్ వైపు 336 పౌండ్ల బలంతో తోస్తాయి. ఆ తోపు అంతా రాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే నాలుగైదు బోల్టుల మీద పడుతుంది. అందుకే మోత వినగానే గొలుసుల్ని కాకుండా బోల్టుల్ని చూడాలి.

వాషర్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి చారలా కారి ఉంటే అక్కడ కదలిక ఉన్నట్టు. వాషర్ అంచున లోహం తళతళలాడుతుంటే కదలిక ఈ మధ్యే మొదలైనట్టు. రెండు సందర్భాల్లోనూ నట్టు మళ్లీ బిగించి వదిలేస్తే చాలదు. బోల్టు సాగి ఉంటుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటుంది. బోల్టు తీసి చూడండి. గ్రేడ్ 8 బోల్టు, లాక్ నట్టు కొత్తవి వేసి, రాక్ తయారీదారు చెప్పిన టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించండి. వంద మైళ్ల తర్వాత టార్క్ మరోసారి చూడండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రంధ్రం పాడైందని పక్కన ఇంకోటి వేయడం, లేదా బ్రాకెట్‌ను నేరుగా ఛాసిస్‌కు వెల్డింగ్ చేయించడం. 393.201 ప్రకారం వాహన తయారీదారు సూచనకు భిన్నంగా ఛాసిస్‌కు ఏదీ వెల్డ్ చేయకూడదు, పట్టీల పై అంచులోగానీ కింది అంచులోగానీ రంధ్రాలు వేయకూడదు. ఊగే రాక్ ఒక ఉల్లంఘన, దాన్ని ఆపడానికి వేసిన వెల్డు ఇంకో ఉల్లంఘన అవుతుంది. ఛాసిస్ ఉక్కును వేడితో గట్టిపరిచి చేస్తారు. వెల్డు వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అల్యూమినియం రాక్‌లో నిలువు కమ్మీ, అడ్డ కమ్మీ కలిసే మూలల్లో వెంట్రుకంత పగులు వస్తుంది. మురికి కడిగి, ఆరాక టార్చి పక్కనుంచి వేసి చూస్తే కనబడుతుంది. అల్యూమినియం వెల్డు పక్కన లోహం మెత్తబడుతుంది కాబట్టి, పగులు మీద మళ్లీ వెల్డు పూస్తే కొద్ది దూరంలో మళ్లీ పగులుతుంది. అక్కడ మూల పట్టీ వేయించాలి, లేదా ఆ భాగమే మార్చాలి. అసలు మందు బరువు తగ్గించడం. సగం గొలుసుల్ని ట్రైలర్ కింద ఉన్న టూల్‌బాక్స్‌లోకి మార్చేయండి. క్యాబ్ వెనక రాక్‌కు ‘హెడేక్ రాక్’ (తలనొప్పి రాక్) అన్న పేరు ఊరికే రాలేదు.

సమస్య: గొలుసు కొక్కెం నుంచి జారి పడింది

కొక్కెం నోరు పైకి తెరిచి ఉంటుంది, గతుకులో గొలుసు ఎగిరి బయటికి వచ్చేస్తుంది. కారణం అంతే. గొలుసును మధ్యలో మడిచి, మళ్లీ మడిచి తగిలించండి. 20 అడుగుల గొలుసు నాలుగు మడతల్లో 5 అడుగులకు వస్తుంది. కొసలు ఛాసిస్ పట్టీలకన్నా కిందికి వేలాడకూడదు. డ్రైవ్‌షాఫ్ట్‌కు ఒక్క కొస చుట్టుకుందంటే బ్రేకులకు గాలి తీసుకెళ్లే ఎయిర్ లైన్లతో సహా తెంపుకుపోతుంది. తగిలించాక అన్నిటి మీదుగా అడ్డంగా ఒక రాట్చెట్ స్ట్రాప్ లేదా పిన్నుతో మూసే అడ్డ కమ్మీ వేయండి. ‘బయటికి రానివ్వనిది’ అన్నామే, అది ఇదే.

లీవర్ బైండర్లను ఊరికే వేలాడదీయకూడదు. వాటిని గొలుసుకే మూసి, పిడిని గొలుసు కొసతో చుట్టాలి. రాట్చెట్ బైండర్ అయితే పూర్తిగా లోపలికి తిప్పి పిడి మడవాలి. మర సగం బయట ఉన్న బైండర్ కుదుపులకు దానంతటదే విప్పుకుంటుంది.

సమస్య: టార్ప్ చుట్ట సడలింది, రబ్బరు బెల్టు తెగింది

కలప లోడు కప్పే పెద్ద లంబర్ టార్ప్ ఒకటి 100 పౌండ్ల వరకు ఉంటుంది, వానలో తడిస్తే ఇంకా ఎక్కువ. అలాంటివి రెండు రాక్ పైన పెట్టి రబ్బరు బెల్టులతో లాగి కడతారు. రబ్బరు టార్ప్ బెల్టు మీద భరించే బరువు ముద్ర ఉండదు. పరిచిన టార్ప్ అంచు గాలికి కొట్టుకోకుండా పట్టడానికి చేసిన వస్తువు అది. వంద పౌండ్ల చుట్టను పట్టుకునే పని దానిది కాదు. ఎండకు దాని మీద సన్నటి పగుళ్లు వస్తాయి. చేత్తో వంచి చూస్తే నోళ్లు తెరుచుకుంటాయి. అలాంటివి వెంటనే పారేయండి. దాని చివరి ఎస్ ఆకారపు కొక్కెం తెరుచుకుపోవడం కూడా మామూలే.

అయితే బెల్టు బాగున్నా చుట్ట ఎందుకు వదులవుతుంది? కొత్తగా మడిచిన టార్ప్‌లో గాలి ఉంటుంది. బండి కదిలాక కుదుపులకు, ఎదురుగాలికి ఆ గాలి వెళ్లిపోయి చుట్ట కుంచించుకుపోతుంది. కట్టు అదే పొడవులో ఉండిపోతుంది. మీరు తప్పు కట్టారని కాదు, ఒకసారే కట్టారని.

మడిచేటప్పుడు మోకాళ్లతో నొక్కుతూ గాలి తీసేయండి. తెరిచిన అంచు వెనక్కి ఉండాలి, ముందుకుంటే గాలి దూరి సంచీలా ఉబ్బుతుంది. ముద్ర ఉన్న 2 అంగుళాల రాట్చెట్ స్ట్రాప్‌లు రెండు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా వేయండి. మొదటి 50 మైళ్లలో ఆగి మళ్లీ బిగించండి. సరుకు కట్టును మొదటి 50 మైళ్లలోపు చూడమని 392.9(బీ) ఎలాగూ చెబుతోంది. ఆ తర్వాత డ్యూటీ స్టేటస్ (డ్రైవింగ్, విశ్రాంతి వంటివి) మారినప్పుడు, లేదా 3 గంటల డ్రైవింగ్, లేదా 150 మైళ్లు, వీటిలో ఏది ముందొస్తే అప్పుడు చూడాలి. లోడు చుట్టూ తిరిగేటప్పుడే క్యాబ్ వెనక్కి కూడా ఒక చూపు వేస్తే అదనపు సమయం పట్టదు.

సమస్య: ఎయిర్ లైను ఒరుసుకుపోయింది

క్యాట్‌వాక్ (క్యాబ్ వెనక నిలబడే పలక) మీద పెట్టిన చీపురు, పార, నిచ్చెన, కట్టెముక్కలు ఇక్కడి దోషులు. గొట్టం వాటికి తగిలి ఒరుసుకుంటుంది. బ్రేకు గొట్టాలు ఒరుసుకోకుండా, మడత పడకుండా ఉండాలని 393.45 చెబుతుంది. పై రబ్బరు పోయి లోపలి అల్లిక కనిపిస్తే గొట్టం మార్చాల్సిందే. నల్ల టేపు చుట్టడం రిపేరు కాదు, అది ఇన్‌స్పెక్టర్ కంటికి జెండా ఊపినట్టు. కొత్త గొట్టం వేశాక దాన్ని స్ప్రింగు కడ్డీకి తగిలించి పైకెత్తి ఉంచండి, క్యాట్‌వాక్ ఖాళీ చేయండి.

ట్రాక్టర్ బాగా మలుపు తిరిగినప్పుడు ట్రైలర్ ముందు మూల రాక్‌కు ఎంత దగ్గరగా వస్తుందో కూడా చూడాలి. యార్డులో ఒక మనిషిని కింద నిలబెట్టి, నెమ్మదిగా పూర్తి మలుపు తిప్పి చూడండి. ఫిఫ్త్ వీల్ (ట్రాక్టర్ మీద ట్రైలర్ తగిలే పళ్లెం) ముందుకు జరిపిన ప్రతిసారీ ఆ ఖాళీ తగ్గిపోతుంది. నిన్న తగలని టార్ప్ చుట్ట ఇవాళ నలగడానికి సాధారణ కారణం అదే.

సమస్య: మంచు చెయిన్లు టైరుకు తగులుతున్నాయి

కొలరాడోలో ఐ-70 మీద డాట్సెరో (133వ మైలు) నుంచి మారిసన్ (259వ మైలు) దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు వాణిజ్య వాహనాలు చెయిన్లు వెంట ఉంచుకోవాలి. అంటే ఏడాదిలో తొమ్మిది నెలలు అవి బండి మీదే వేలాడతాయి. ఛాసిస్ కింద తెరిచి ఉన్న కొక్కేలకు తగిలిస్తే అడ్డ గొలుసు ఒకటి జారి టైరు వైపు దిగుతుంది. పిన్ను వేసే హ్యాంగర్ వాడండి, లేదా బాక్సులో పెట్టండి. సస్పెన్షన్ గాలి దించినప్పుడు టైరు పైకి వస్తుంది. కాబట్టి చెయిన్‌కూ టైరుకూ మధ్య ఖాళీని గాలి దించి కొలవండి.

సమస్య: స్పేర్ టైరు బుట్టలో దొర్లుతోంది

రిమ్ముతో కలిపి దాదాపు 200 పౌండ్లు. ట్రైలర్ కింద బుట్టలో ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు. బుట్ట బరువు మోస్తుంది, అంతే. రిమ్ము రంధ్రంలోంచి గొలుసు దూర్చి, బైండర్‌తో బుట్ట కమ్మీకి లాగి కట్టాలి. రాట్చెట్ స్ట్రాప్ వాడితే రిమ్ము అంచు దాన్ని కోయకుండా మధ్యలో రబ్బరు తొడుగు పెట్టండి. బుట్ట వెల్డులకు తుప్పు పట్టిందేమో సుత్తితో తట్టి చూడండి. స్పేర్ టైరుగానీ, సరుకు కింద పెట్టే దిమ్మెలుగానీ ఊడిపడే స్థితిలో ఉంటే సీవీఎస్ఏ (వాహన తనిఖీ అధికారుల సంఘం) ప్రమాణాల ప్రకారం బండిని అక్కడికక్కడే అవుట్ ఆఫ్ సర్వీస్ చేస్తారు. సరిచేసేదాకా కదలనివ్వరు.

ఖాళీ డెక్ మీద వదిలేసిన 4×4 దిమ్మెలు, ఉక్కు చుట్టల కింద పెట్టే కాయిల్ రాక్‌లు, వించ్ బార్లకూ ఇదే వర్తిస్తుంది. దిమ్మెలన్నీ ముందు గోడకు ఆనించి పేర్చి, 4 అంగుళాల స్ట్రాప్ ఒకటి మీదుగా వేస్తే సరిపోతుంది. వాడని స్ట్రాప్‌లు వించ్‌లోకి పూర్తిగా చుట్టేయండి. కొస వేలాడితే టైరు లాక్కుంటుంది.

సమస్య: అన్నీ గట్టిగా ఉన్నాయి, అయినా ఉల్లంఘన రాశారు

మూడు చోట్ల వెతకండి. మొదటిది ముడి. 393.104 ప్రకారం కట్టే సాధనంలో ముడి ఉండకూడదు, తెగిన స్ట్రాప్‌ను ముడేసి వాడటం చెల్లదు. రెండోది ముద్ర. గ్రేడ్ గుర్తు లేని గొలుసును గ్రేడ్ 30గానే లెక్కిస్తారు. 3/8 అంగుళాల గ్రేడ్ 70 గొలుసు 6,600 పౌండ్లకు పనికొస్తుంది, గుర్తు చెరిగిపోతే అదే గొలుసు 2,650కి పడిపోతుంది. క్యాబ్ వెనక సామానుకు ఆ సంఖ్య కూడా ఎక్కువే. కానీ అదే గొలుసు రేపు లోడు మీదికి వెళ్తుంది.

మూడోది దాచేయడం. టార్ప్ చుట్ట క్యాబ్ వెనక రిఫ్లెక్టివ్ టేపును కప్పేస్తే 393.9 కింద రాస్తారు. డ్రైవర్‌కు రోడ్డు కనబడకుండా అడ్డొచ్చినా, క్యాబ్‌లోంచి దిగడానికి అడ్డొచ్చినా 392.9(ఏ)(3) ఉంది. మంటలార్పే సిలిండర్‌ను తాళం వేసిన బయటి బాక్సులో పెట్టడం కూడా తప్పే. అది వెంటనే చేతికందాలి, దొర్లకుండా బిగించి ఉండాలి.

రాసిన ఉల్లంఘన కంపెనీ సీఎస్ఏ (ప్రభుత్వ భద్రతా స్కోరు) లెక్కలో 24 నెలలు ఉంటుంది. మొదటి ఆరు నెలలు మూడు రెట్లు, తర్వాతి ఆరు నెలలు రెండు రెట్లు బరువు వేస్తారు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు కంపెనీలు చూసే డ్రైవర్ పీఎస్పీ రికార్డులో తనిఖీలు మూడేళ్లపాటు కనిపిస్తాయి. తప్పుగా రాశారనిపిస్తే ప్రభుత్వ వెబ్‌సైటు డేటాక్యూస్‌లో సవాలు చేయవచ్చు. దానికి ఆధారం కావాలి కాబట్టి, అక్కడే, ఏదీ ముట్టుకోకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. స్ట్రాప్ మీది ముద్ర, గొలుసు మీది గ్రేడ్ అంకె స్పష్టంగా పడేలా ఒక్కోటి దగ్గరి నుంచి తీయండి.