బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేయాలా? ముందు ఈ లెక్క వేయండి

తిరుపతిలో బిడ్డ పుట్టిన ఏ ఇంట్లో అయినా లీవు అయిపోయే టైముకి ఒక మాట వినపడుతుంది: "నీ జీతమంతా డే కేర్‌కీ ఆటోకీ పోయేదానికి ఉద్యోగం ఎందుకమ్మా, మానేయ్." ప్రేమగానే అంటారు, కానీ ఆ లెక్క తప్పు. రాజీనామా రాసే ముందు ఒక నోటుబుక్కు తీసుకుని భార్యాభర్తలిద్దరూ కూర్చోండి.

మొదట గంటలు రాయండి, డబ్బు సంగతి తర్వాత. కేంద్ర గణాంక శాఖ 2019లోనూ 2024లోనూ టైమ్ యూజ్ సర్వే చేసింది, ఆ పద్ధతే మనకీ సరిపోతుంది. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా, అరగంటకో గడి, ఇద్దరికీ చెరో పేజీ. ఒకే అరగంటలో రెండు పనులు చేస్తే రెండూ రాయాలి, ఎందుకంటే పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే చంకలో బిడ్డ కూడా ఉంటుంది, వంట అని మాత్రమే రాస్తే ఆ రెండో పని లెక్కలోకే రాదు. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి, మన ఊళ్లో అయితే దర్శనానికి చుట్టాలొచ్చిన రోజు ఒకటి తప్పకుండా రాయండి. వాళ్లు చీకటితోనే కొండకి బయల్దేరతారు కాబట్టి అంతకుముందే లేచి వేడినీళ్లు పెట్టాలి, కాఫీ ఇవ్వాలి, వెళ్లాక పరుపులు తీసి దుప్పట్లు ఉతకాలి, వాళ్లు కొండ దిగేసరికి అందరికీ అన్నం రెడీగా ఉండాలి, సాయంత్రం తిరుచానూరు వెళ్తామంటే మళ్లీ కాఫీ, రాత్రికి దారిలో తినడానికి పులిహోర కట్టివ్వాలి. ఇదంతా "ఇంట్లోనే ఉంది కదా" అనే ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. భర్త స్టేషన్‌కి వెళ్లి వాళ్లని తీసుకొచ్చి, పొద్దున అలిపిరిలో దింపి వస్తే అదీ ఆయన పేజీలో రాయాల్సిందే.

ఇప్పుడు కూడండి. దేశం మొత్తం మీద ఆరేళ్లు దాటినవాళ్లలో, జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లకి 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు పట్టేది, 2024లో 289. మగవాళ్లకి 97 నుంచి 88కి దిగింది. అంటే ఆడవాళ్లకి తగ్గిన ఆ పది నిమిషాలు మగవాళ్లు అందుకున్నందువల్ల తగ్గినవి కావు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే టైము ఇందులో లేదు, అది వేరే. మీ పేజీల్లో తేడా ఎంతుందో చూశాక "సాయం చేస్తాలే" అనే మాటతో సరిపెట్టుకోకండి. పొద్దున బిడ్డకి స్నానం, రాత్రి పాలసీసాలు మరిగించడం, టీకాలకి తీసుకెళ్లడం, ఇలా ఏ పని ఎవరిదో పేరు రాసుకోండి.

తర్వాత డబ్బు. ఉదాహరణకి ఆమె జీతం 18,000, ఆయనది 30,000, డే కేర్‌కీ ఆటోకీ కలిపి 8,000 అనుకుందాం. ఆ 8,000 ఆమె 18,000లోంచే ఎందుకు తీస్తున్నారు? ఇంటి లోన్ ఈఎంఐని ఒక్కరి జీతంలోంచి తీసేసి "నీకేం మిగల్లేదు" అనం కదా. 48,000లోంచి తీయండి. ఆటో ఖర్చు వేసే ముందు బస్సు రూటు కూడా చూడండి, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, చంద్రగిరి నుంచో రేణిగుంట నుంచో వచ్చేవాళ్లకి ఇది నెలనెలా మిగిలే డబ్బు. అసలు సంగతి ఇంకోటుంది. డే కేర్ ఖర్చు బడికి వెళ్లేదాకానే. జీతం, ఇంక్రిమెంట్లు, పీఎఫ్, సర్వీసు మాత్రం రిటైరయ్యేదాకా.

డెన్మార్క్‌లో ఆర్థికవేత్త హెన్రిక్ క్లెవెన్ వాళ్లు చేసిన పరిశోధన చూస్తే భయమేస్తుంది. మొదటి బిడ్డ పుట్టేదాకా ఇద్దరి సంపాదనా ఒకే తీరుగా సాగుతుంది, పుట్టగానే తల్లిది పడిపోతుంది, తండ్రిది కదలదు, చాలా ఏళ్ల తర్వాత కూడా తల్లి సంపాదన దాదాపు 20 శాతం వెనకబడే ఉంటుంది. ప్రభుత్వమే డే కేర్‌కి డబ్బు పెట్టే దేశంలో ఇదీ పరిస్థితి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ దీనికి ఒక కారణం చెప్పారు: ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లగలిగినవాళ్లకే కొన్ని ఉద్యోగాలు ఎక్కువ జీతమిస్తాయి, ఇంట్లో బిడ్డ ఉంటే అలా వెళ్లగలిగేది ఒక్కరే.

ఆఫీసులో అడగాల్సినవి నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు, ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 50 మంది గానీ అంతకుమించి గానీ పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. పని అలాంటిదైతే సెలవు తర్వాత ఇంటి నుంచి చేస్తామని మాట్లాడుకునే వీలూ ఉంది.

చివరగా బ్యాంకు ఖాతా. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బుని ఆడవాళ్ల సొంత ఖాతాలో వేసి, దాన్ని ఎలా వాడాలో నేర్పించి చూశారు, వాళ్లు ఆ తర్వాత బయట పనులకీ ఎక్కువగా వెళ్లారు. ఆ పరిశోధన 2021లో అచ్చయింది. కాబట్టి మళ్లీ చేరేటప్పుడు జీతం పడే ఖాతా జాయింటుది కాకుండా మీ ఒక్కరి పేరునే ఉందో లేదో చూసుకోండి, ఓటీపీ వచ్చే నంబరు కూడా మీ ఫోన్‌దే అయ్యుండాలి.