కారే రేకులు, కాలే స్క్రూలు: లోపం మెషీన్‌లో ఉందేమో చూడండి

గుంటూరు మిర్చి గోదాముల్లోనూ, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనూ ఇనుప పర్లిన్ల (రేకులను మోసే అడ్డ దూలాల) మీద స్క్రూలతో బిగించిన రేకుల కప్పు మామూలే. తొలి వానకు అది కారితే నింద స్క్రూ మీద పడుతుంది. నాసిరకం స్క్రూలు లేవని కాదు. కానీ మంచి స్క్రూను కూడా దాన్ని బిగించే మెషీన్ తగనిదైతే పాడుచేస్తుంది. కింద మిర్చి బస్తాలున్నప్పుడు ఒక్క చుక్క కారినా నష్టమే.

సమస్య: స్క్రూ తిరుగుతుంది గానీ పర్లిన్‌లోకి దిగదు

దాన్ని బయటికి తీసి మొన చూడండి. నీలం రంగుకు తిరిగి, అంచులు మొద్దుబారి ఉంటే అది కాలిపోయిందని అర్థం. జిప్సం బోర్డు పనికి వాడే స్క్రూడ్రైవర్లు నిమిషానికి 4,000 చుట్లు, అంతకు మించి కూడా తిరుగుతాయి. రేకులకు వాడే సెల్ఫ్ డ్రిల్లింగ్ (తన రంధ్రం తానే చేసుకునే) స్క్రూ మొన నిజానికి చిన్న డ్రిల్ బిట్టే. ఆ వేగంలో అది ఇనుమును కోయకముందే మాడిపోతుంది. ఆ తర్వాత ఎంత అదిమినా ఫలితం ఉండదు.

4.8, 5.5 మి.మీ. లావు స్క్రూలకు 2,500 చుట్లు దాటని మెషీన్ వాడండి. 6.3 మి.మీ. స్క్రూలకు 1,800 మించనివ్వకండి. ఉక్కు మందం పెరిగితే వేగం ఇంకా తగ్గించాలి.

వేగం సరిపోయినా దిగకపోతే మొన పొడవు చూడండి. రేకు, పర్లిన్, రెంటి మధ్య ఖాళీ ఉంటే అదీ కలిపిన మందం కంటే కోసే భాగం పొడవుగా ఉండాలి. లేకపోతే కింది ఇనుముకు రంధ్రం పూర్తి కాకముందే త్రెడ్లు (స్క్రూ మీది మరలు) రేకును పట్టి పైకి లేపుతాయి. దీన్ని ఏ మెషీనూ సరిచేయలేదు, స్క్రూ మార్చాల్సిందే.

సమస్య: స్క్రూ ఉన్నచోటే నీరు కారుతోంది

వాషర్ కింది రబ్బరును దగ్గరగా చూడండి. లోహపు అంచు చుట్టూ సమానంగా, కొద్దిగా మాత్రమే కనిపిస్తే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. రబ్బరు బయటికి పిండినట్టు వచ్చి, చుట్టూ రేకు గుంటపడితే అతిగా బిగించారు. ఆ గుంటలో నీరు నిలుస్తుంది, చితికిన రబ్బరు ఎండకు పగులుతుంది. వాషర్ వేలితో తిరిగితే బిగింపు చాలలేదు.

అతి బిగింపుకు తరచూ కారణం ఇంపాక్ట్ డ్రైవర్, అంటే దెబ్బలు కొడుతూ స్క్రూను తిప్పే మెషీన్. ట్రిగ్గర్ వదిలేదాకా అది కొడుతూనే ఉంటుంది. స్క్రూ తలలు తెగిపోవడానికీ అదే కారణం కావచ్చు. కలపలో పొడవాటి స్క్రూలకు అది మంచి పనిముట్టు, రేకుల కప్పు మీదికి మాత్రం ఎక్కించవద్దు. లోతు సెట్ చేసుకునే ముక్కు, ఆ లోతుకు చేరగానే తిప్పడం ఆపే క్లచ్ ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, ముందుగా పాత రేకు ముక్క మీద సెట్టింగ్ సరిచూసుకోండి. చితికిన వాషర్ ఉన్న స్క్రూను వదులు చేసి ఊరుకోకండి, మార్చేయండి.

సమస్య: సాకెట్ జారి స్క్రూ తల అరుగుతోంది

అయస్కాంతపు సాకెట్‌లో ఇనుప రజను పేరుకుంటే తల పూర్తిగా లోపలికి కూర్చోదు. తరచూ శుభ్రం చేయండి. అరిగిన సాకెట్‌ను మార్చండి.

సమస్య: ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు మీది కాగితం చిరుగుతోంది

ఇక్కడ 4,000 చుట్ల మెషీనే సరైనది, తప్పు లోతు సెట్టింగ్‌ది. తల కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగితే చాలు. చిరిగినచోట బోర్డు పట్టు పోతుంది కాబట్టి పక్కనే మరో స్క్రూ వేయండి.

కొనేటప్పుడు దుకాణంలో వాట్లు అడిగి సరిపెట్టుకోకండి. ఖాళీగా తిరిగేటప్పుడు గరిష్ఠ వేగమెంత, ట్రిగ్గర్‌తో తగ్గుతుందా, లోతు సెట్టింగ్ ఉందా అని అడగండి. వేగం మెషీన్ మీది పట్టీలోనే రాసి ఉంటుంది.